పడకగది శ్లాబు

మొగల్తూరు,
12 జూన్ 2024.

రాజ్ కుమార్‌కి,

మీ హెలెన్ అత్తయ్య దీవెనలు. ఫోను ఎత్తడం లేదని నువ్వు అలిగావట, పాస్టరమ్మగారు చెప్పారు. ఎత్తి ఏం చెయ్యమంటావు? చెవిలో మిషను ఫోను దగ్గరికి రాగానే కూత పెడుతుంది. నువ్వు మాట్లాడేది నాకు ఒక్క ముక్క వినపడదు, నేను అరిచేది మాత్రం వీధంతటికీ వినపడుతుంది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి ఉత్తరాలు రాయడం నేర్పినదాన్ని. ఇకమీదట నీకూ ఉత్తరమే. నువ్వూ కాగితం మీదే రాయి. ఆ వాట్సాప్‌లో రాసింది రాసినట్టే చెరిపేస్తున్నారట. కాగితం మీదైతే మనిషి కాస్త ఆలోచించి రాస్తాడు.

మన ధవళేశ్వరం ఇంట్లో మేడ మీద వాటా ఖాళీ అయి రెండు నెలలు దాటింది. బళ్లు తెరిచే రోజులు కదా, అద్దెకి అడిగేవాళ్లు నీ ఆఫీసు ముందు క్యూ కట్టి ఉంటారు. నీకు ఒక్కటే చెప్తున్నాను, జాగ్రత్తగా చదువు. పడకగది శ్లాబు నెత్తినే వాటర్ ట్యాంకు ఉంది. మీ మావయ్య ఉండగానే వానాకాలంలో అక్కడ చెమ్మ దిగేది, ఒకటి రెండు పెచ్చులు రాలాయి కూడా. మేస్త్రీ చూస్తే చాలదు. ఇంజనీరుకి చూపించు, ఆయన సరేనన్నాకే ఎవరినైనా దింపు. ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నా నాకేం ఫరవాలేదు. నా పెన్షను నాకు చాలు.

నువ్వు నీలం చొక్కా వేసుకుని తీయించుకున్న ఫోటో మన సంఘం పత్రికలో చూశాను. బొజ్జ వస్తోందిరా. మీ నాన్న పోయినప్పుడు ఏడేళ్లవాడివి, ఎంత సన్నగా ఉండేవాడివో. నిన్ను నేనే మేపానని ఎవరూ నమ్మేవారు కాదు. ఇప్పుడు నమ్ముతారు.

ఉంటాను,
అత్త.

*

రాజమహేంద్రవరం,
24 జూన్ 2024.

ప్రియమైన అత్తయ్యకి,

వందనాలు. పదో తరగతి తర్వాత పెన్నుతో ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపించకండి, ప్లీజ్.

మీరు చెప్పిన పనులన్నీ అయిపోయాయి. సత్తిరాజు మేస్త్రీ వచ్చి శ్లాబు మొత్తం చూశాడు. ఇంజనీరుగారు కూడా చూశారు, భయం లేదన్నారు. ఇల్లంతా రంగులు వేయించాను. గది ఇప్పుడు పెళ్లివారిల్లులా మెరిసిపోతోంది.

అద్దెకి ఎవరికిచ్చానో చెప్తే మీరు సంతోషిస్తారు. సుప్రియ అని, రాజమండ్రిలో ఒక ల్యాబులో టెక్నీషియను. తల్లి అచ్చాయమ్మగారు, తొమ్మిదేళ్ల కూతురు పావని. భర్తతో పడక విడిగా ఉంటోంది. పాపం, ఆరిళ్లు చూసిందట అత్తయ్యా. అన్నిచోట్లా గుమ్మంలోనే అడిగారట, "మీ ఆయన ఎక్కడుంటారండీ?" అని. చెప్పగానే ఇల్లు వేరేవాళ్లకి మాటిచ్చేశామనడం. పాత ఇల్లు ఇరవయ్యో తారీకుకల్లా ఖాళీ చెయ్యాలి, వెళ్లడానికి చోటు లేదు. నా ఆఫీసులో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మా అత్తయ్య అలాంటివి అడగరమ్మా అని, అప్పటికప్పుడే మాటిచ్చేశాను. సరిగ్గా ఇరవయ్యో తారీకున దిగారు.

మంచి పని చేశాను కదూ?

మీ మేనల్లుడు,
రాజు.

*

మొగల్తూరు,
9 జులై 2024.

ఒరేయ్ రాజూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారికీ చదివి వినిపించాను. ఇళ్ల బ్రోకర్లంటే జనానికి ఎంత చులకనో నాకు తెలుసు. నువ్వు ఆ పనిలోకి వెళ్తానన్నప్పుడు నేనే మొహం ముడుచుకున్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఆరుగురు తలుపేసిన మనిషికి నువ్వు తలుపు తీశావు. ఇంజనీరుని కూడా పిలిచావు. మీ నాన్న ఉంటే పొంగిపోయేవాడు.

ఆ అమ్మాయివాళ్లు హిందువులనుకుంటాను. కొత్తింట్లో పాలు పొంగించుకున్నారో లేదో. క్రైస్తవుల ఇల్లని మొహమాటపడతారేమో, నిక్షేపంగా పొంగించుకోమను. గోడకి పటాలకోసం మేకులు కొట్టుకోమను.

దీంతోపాటు మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. అది సుప్రియకి. నువ్వు చదవకు. ఆడవాళ్ల కబుర్లు.

ఇక్కడ ఉక్కపోత. సముద్రం గాలి కూడా వేడిగానే వస్తోంది. ఎండు మెత్తళ్లు పంపించనా అంటే నీ భార్య వాసనంటుంది, పంపించకపోతే నువ్వు అలుగుతావు. ఏం చెయ్యాలో మీ ఇద్దరూ ఒకమాట అనుకుని రాయండి.

అత్త.

*

రాజమహేంద్రవరం,
18 ఆగస్టు 2024.

అత్తయ్యకి వందనాలు.

జవాబు ఆలస్యమైంది, క్షమించాలి. సీజను కదా, రోజుకి పది ఇళ్లు చూపించాల్సి వస్తోంది. మీ కాగితం సుప్రియకి ఇచ్చేశాను.

ఒక మాట రాయాలా వద్దా అని ఆలోచించాను. మనం అనుకున్నంత సుఖంగా లేదండి వాళ్లతో. ప్రతిదానికీ ఫిర్యాదే. కుళాయి కారిందంటారు, తలుపు బిగుసుకుందంటారు, గోడ చెమ్మగిల్లిందంటారు. చెమ్మ రాక ఏం చేస్తుంది? మోటారు వేసి మర్చిపోతారు. ట్యాంకు గంటలకొద్దీ పొర్లుతూనే ఉంటుంది. చెప్తే వినరు. మీ ఇల్లు పాడైపోతుందని నా బాధ. ఇంతకంటే బాధ్యత ఉన్నవాళ్లని చూస్తే మంచిదేమో.

ఇల్లు ఖాళీ చెయ్యమని ఒక నోటీసు టైపు చేయించి దీంతోపాటు పెట్టాను. మీరు సరేనంటే సంతకం పెట్టి పంపండి. బలవంతం ఏం లేదు.

మెత్తళ్లు పంపండి. ఆఫీసు అడ్రసుకి.

రాజు.

*

మొగల్తూరు,
1 సెప్టెంబరు 2024.

రాజూ,

నీ ఉత్తరం చూసి మనసు చివుక్కుమంది. నేను ఆ అమ్మాయికి అంత ఆప్యాయంగా రాశానా, ఇప్పటికి ఏడు వారాలు, ఒక్క ముక్క జవాబు లేదు. పెద్దదాన్ని రాశాను కదా, అందిందండీ అని కార్డు ముక్క రాస్తే ఏం పోయింది? నేను పంతులమ్మని, బదులివ్వని పిల్లలంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. దానికి తోడు ట్యాంకు పొర్లించడం ఒకటి. మీ మావయ్య ఇరిగేషను ఆఫీసుకి సైకిలు తొక్కి, టీ నీళ్లు కూడా మానుకుని కట్టిన ఇల్లది.

సంతకం పెట్టి పంపిస్తున్నాను. కానీ వెంటనే వెళ్లగొట్టకు. వేరే ఇల్లు దొరికేదాకా ఉండనియ్యి. ఆడపిల్లతో ఉన్నారు.

సంతకం పెట్టాక ఎందుకో అన్నం సయించలేదు. ఇది పోస్టులో వేసి వచ్చేస్తాను, ఇక ఆలోచించను.

అత్త.

*

రాజమహేంద్రవరం,
6 అక్టోబరు 2024.

అత్తయ్యకి వందనాలు.

సుప్రియవాళ్లు మొన్న మూడో తారీకున ఖాళీ చేసి వెళ్లిపోయారు. వెళ్లేముందు ఒక చిన్న సంఘటన జరిగింది. మీకు ఎవరైనా వేరేగా చెప్తారేమోనని నేనే రాస్తున్నాను. పడకగదిలో పైనుంచి కొంచెం సిమెంటు రాలి అచ్చాయమ్మగారి చేతికి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. ట్యాంకు పొర్లించిన ఫలితం, ఇంకేముంది. నేను ఆసుపత్రికి కూడా వెళ్లి పలకరించి వచ్చాను.

ఆ అమ్మాయి కోపంలో ఏవేవో అంది, వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానని. అందరూ అలాగే అంటారు, ఎవరూ వెళ్లరు. మీకేమైనా కాగితం వస్తే తెరవకుండా నాకు పంపించెయ్యండి, నేను చూసుకుంటాను.

ఆరోగ్యం జాగ్రత్త. చెవి చూపించుకోవడానికి వస్తానన్నారు, ముందుగా రాయండి, స్టేషనుకి వస్తాను.

రాజు.

*

మొగల్తూరు,
21 నవంబరు 2024.

రాజ్ కుమార్‌కి,

నీకు చెప్పకుండా వచ్చి వెళ్లాను. పోయిన గురువారం సంఘం ఆడవాళ్లతో రాజమండ్రి చెవి డాక్టరు దగ్గరికి వచ్చి, అక్కణ్నుంచి ఆటో కట్టించుకుని ధవళేశ్వరం వెళ్లాను. నీకు రాస్తే స్టేషనుకి వచ్చేవాడివి. ఎందుకో నువ్వు రాకుండా ఇల్లు చూడాలనిపించింది.

కింద వాటాలో పదకొండేళ్లుగా ఉంటున్న లోవమ్మ మేడ మీదకి తీసుకెళ్లింది. పడకగది మధ్యలో పైన పళ్లెమంత మేర ఊడిపోయి ఉంది. లోపల ఇనుము చేత్తో నలిపితే పొడిగా రాలుతోంది. దాని చుట్టూ నీ రంగు తెల్లగా ఉంది.

నాకు వినపడదని లోవమ్మ వాళ్లమ్మాయి నోటుబుక్కు తెచ్చి, ఒక్కో మాటా రాసి చూపించింది. ఆ కాగితం చింపి తెచ్చుకున్నాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "జులై నుంచీ కారుతోందండి. మంచం పక్కన బకెట్టు పెట్టుకుని పడుకునేవారండి. రాజ్ కుమార్ గారికి ఫోన్లు చేసి చేసి విసిగిపోయిందండి ఆ అమ్మాయి. ఎత్తేవారు కాదండి. ఒకసారి ఎత్తి, వానాకాలం అన్నాక కారదా అన్నారంటండి. మధ్యాహ్నం అన్నం తిని పెద్దావిడ నడుం వాల్చిందండి. ఆ చప్పుడికి మా ఇంట్లో గిన్నెలు కదిలాయండి. చెయ్యి అడ్డం పెట్టుకుంది కాబట్టి తల దక్కిందండి."

ట్యాంకు సంగతి అడిగాను. లోవమ్మ నా మొహం వంక వింతగా చూసి కూతురి చేత రాయించింది: "మోటారు స్విచ్చి మా వాటాలో ఉంది కదండి. మీరే పెట్టించారు."

అవును, నేనే పెట్టించాను. మేడ మీదవాళ్లు మోటారు వెయ్యలేరు, మర్చిపోలేరు, ట్యాంకు పొర్లించలేరు. నా ఇల్లు, నా స్విచ్చి. ఆగస్టులో నీ ఉత్తరం చదివినప్పుడు ఆ మాట నాకు ఎందుకు తట్టలేదురా? నువ్వు అబద్ధం చెప్పావు, నిజమే. నా చేతిలోనే ఉన్న నిజాన్ని పక్కనపెట్టి ఆ అబద్ధాన్ని నమ్మింది నేను. జవాబు రాయలేదన్న ఉక్రోషంతో నమ్మాను.

అక్కణ్నుంచి లోవమ్మని అడిగి సుప్రియవాళ్లుంటున్న చోటికి వెళ్లాను. సుప్రియ పెదనాన్నగారింటి పెరట్లో ఒక్క గది. అచ్చాయమ్మగారి కుడి మణికట్టుకి ఇనుప కడ్డీ వేశారు. రెండు నెలలు కావస్తున్నా వేళ్లు ముడవలేకపోతున్నారు. నేనెవరో తెలిశాక కూడా ఎడంచేత్తో టీ కాచి ఇచ్చారు. సుప్రియ బీరువాలోంచి నోటీసు తీసి, అడుగున నా సంతకం మీద వేలు పెట్టి చూపించింది. అంతే. నా అరవై తొమ్మిదేళ్లలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

నా ఉత్తరానికి జవాబు రాయలేదేమని అడిగితే, మీ ఉత్తరం ఏదీ నాకు అందలేదని రాసి చూపించింది.

ఇంకొకటి కూడా రాసింది. రాజమండ్రి, ధవళేశ్వరం బ్రోకర్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉందట. అందులో ఎవరో వాళ్ల పేర్లు, ఫోటో పెట్టి, ఇల్లు పాడు చేస్తారు, కేసులు వేస్తారు, ఇల్లివ్వకండి అని రాశారట. ఇప్పుడు ఏ బ్రోకరూ ఇల్లు చూపించడం లేదు. ఆ ఎవరో ఎవరు?

అత్త.

*

రాజమహేంద్రవరం,
29 నవంబరు 2024.

అత్తయ్యా,

నేనే.

మూడు కాగితాలు రాసి చింపేశాను. ఇది నాలుగోది. మొదటినుంచీ చెప్తాను.

సత్తిరాజు మేస్త్రీ సుత్తితో కొట్టి చూసి, "లోపల ఊచలు పోయాయండి, మొత్తం చెక్కించి కొత్తగా కట్టాలి, ట్యాంకు కూడా అక్కణ్నుంచి తీసెయ్యాలి, ఇరవై అయిదు రోజులు పడుద్దండి" అన్నాడు. అప్పటికి జూన్ పద్నాలుగు. సుప్రియకి ఇరవయ్యో తారీకని మాటిచ్చేశాను. నేను పెద్ద మంచిపని చేస్తున్నానన్న గర్వంలో ఉన్నాను. ఇప్పుడు కాదంటే ఆ ఏడో ఇంటివాణ్ని నేనే అవుతాను. ఒక్క వానాకాలం ఆగకపోతుందా, తర్వాత చేయిద్దాం అనుకున్నాను. వైటు సిమెంటుతో పూడ్పించి, రంగు రెండుసార్లు వేయించాను. సత్తిరాజు తన చేత్తో వెయ్యనని వెళ్లిపోతే వేరే మనిషిని పెట్టి వేయించాను.

ఇంజనీరు ఎవరూ లేరు. ఆ మాట మీకు రాసేటప్పుడు పెన్ను కాసేపు ఆగింది. రాసేశాక మీరు నన్ను మెచ్చుకుంటూ రాశారు. ఆ ఉత్తరం వచ్చాక ఇంక నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మీ కాగితం సుప్రియకి ఇవ్వలేదు. చదివాను. ఆడవాళ్ల కబుర్లేం కాదది. "పడకగది పైన చెమ్మ కనిపిస్తే మొహమాటపడకుండా నాకు రాయమ్మా, మా రాజుకి పని ఎక్కువ, మర్చిపోతాడు" అని రాశారు. ఇస్తే తను మీకు రాస్తుంది. నా ఆఫీసు బీరువాలో దాచాను. తన ఫోను వచ్చినప్పుడల్లా ఆ బీరువా వంక చూసేవాణ్ని, ఫోను మాత్రం ఎత్తేవాణ్ని కాదు.

దెబ్బ తగిలిన రోజు ఆసుపత్రికి వెళ్లానని రాశాను. గేటుదాకా వెళ్లాను, లోపలికి వెళ్లలేదు.

కమిషన్‌కి వెళ్తాననగానే భయపడ్డాను. ముందు నేనే వాళ్లని చెడ్డవాళ్లని చేసేస్తే ఆ అమ్మాయి మాట ఎవరూ నమ్మరనుకున్నాను. ఆ గ్రూపు నేను పెట్టిందే. అద్దె ఎగ్గొట్టి పారిపోయేవాళ్ల గురించి ఒకరికొకరు చెప్పుకోవడానికి పెట్టాం. దాన్ని ఇలా వాడాను.

సిగ్గు లేకుండా ఒకటి అడుగుతున్నాను. కేసు వేశారు, నిన్న నోటీసు వచ్చింది. మీకూ వస్తుంది. వాళ్లకి కావలసిన వైద్యం నేను చేయిస్తాను, ఎలాగోలా సర్దుతాను. మీరు మాత్రం ఏమీ తెలియదని రాయండి. నేను ఈ మాట బయట ఒప్పుకుంటే ఈ ఊళ్లో ఎవరూ నాకు తాళంచెవి ఇవ్వరు. నాకు వచ్చిన పని ఇదొక్కటే అత్తయ్యా.

రాజు.

*

మొగల్తూరు,
6 డిసెంబరు 2024.

రాజూ,

ఏమీ తెలియదని రాయను. తెలియనిదాన్ని కాదు, తెలుసుకోనిదాన్ని. కమిషన్‌కి నా మాట రాసి రిజిస్టరు పోస్టులో పంపేశాను. ఇల్లు నాది, శ్లాబు పాతదని నాకు తెలుసు, చూడకుండా అద్దెకి ఇచ్చాను, అడగకుండా ఖాళీ చెయ్యమన్నాను అని రాశాను. నువ్వు నాకు రాసిన ఉత్తరాలన్నీ జత చేశాను. చివరిదానితో సహా. దాన్ని ఒకసారి కవర్లోంచి బయటికి తీసేశాను. పెంచినదాన్ని కదా. మళ్లీ పెట్టాను.

నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ. చిన్నప్పుడు నువ్వు పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తే నీకు సున్నా వేసింది నేనే. ఆ రాత్రి నువ్వు తినలేదు, నేనూ తినలేదు. అప్పుడు నీతో ఏం మాట్లాడలేదు. సున్నా వేస్తే సరిపోతుందనుకున్నాను. కూర్చోబెట్టి మాట్లాడి ఉండాల్సింది.

కమిషన్ వాళ్లు ఏమంటే అది మనిద్దరం కడదాం. దాని సంగతి వదిలెయ్యి. డబ్బుతో ఆ పిల్లకి ఇల్లు దొరకదు. ఏ నోటితో ఇల్లివ్వద్దన్నావో ఆ నోటితోనే చెప్పాలి. అదే గ్రూపులో, నీ పేరుతో, నువ్వేం చేశావో రాయి. మా అత్తయ్య రాయమంది అని రాయకు. తర్వాత వాళ్ల ముందుకి వెళ్లి నిలబడు. ఈసారి గేటు దాటి వెళ్లు.

నువ్వు చెయ్యకపోయినా నా మేనల్లుడివే. అన్నం పెడతాను. కానీ నీ ఉత్తరం తెరిచి చదివే ఓపిక నాకు ఇక ఉండదు.

నా కాగితం దాచావన్నావు కదా. అది ఆ అమ్మాయిది. ఇచ్చేసెయ్యి.

అత్త.

*

రాజమహేంద్రవరం,
2 ఫిబ్రవరి 2025.

అత్తయ్యా,

ఇన్నాళ్లూ రాయలేదు. చేసి రాద్దామనుకున్నాను. చేశాక రాయడానికి ధైర్యం చాల్లేదు. మీరు ఇది తెరుస్తారో లేదో కూడా తెలియదు.

డిసెంబరు పద్దెనిమిదిన గ్రూపులో రాశాను. "సుప్రియగారి కుటుంబం గురించి నేను పెట్టింది అబద్ధం. పాడైన శ్లాబుని రంగు వేసి దాచి వాళ్లకి అద్దెకిచ్చింది నేను. అది కూలి పెద్దావిడ చెయ్యి విరిగింది. వాళ్లు మంచి మనుషులు. రాజ్ కుమార్." దాని కింద నా ఫోను నంబరు పెట్టాను. రెండువందలమంది పైనే ఉన్నారు. ముందుగా ఒకాయన నవ్వే బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన, "అందరం చేసేదే, చెప్పుకుంటారేంటండీ" అన్నాడు. అది నన్ను ఇంకా కుంగదీసింది. సాయంత్రానికి ఇద్దరు ఓనర్లు తాళాలు వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు వాళ్ల దగ్గరికి వెళ్లాను. మీ కాగితం ఇచ్చాను. సుప్రియ నిలబడే చదివింది. జులైలో ఇచ్చి ఉంటే అమ్మ చెయ్యి బాగుండేది కదండీ అంది. అరవలేదు. నేను అవునండి అన్నాను.

ఇల్లు చూపిస్తానంటే మొదట వద్దంది. వేరే దారి లేక తర్వాత ఒప్పుకుంది. నాలుగిళ్లు తిరిగాం. ప్రతి ఓనరుకీ నేనేం చేశానో నేనే చెప్పాను, లేకపోతే వాళ్లు విన్నది ఈ అమ్మాయి మీద ఉండిపోతుంది. నాలుగో ఆయన జగన్నాథరావుగారని, లాలాచెరువు దగ్గర. అంతా విని, "ఇల్లు ఆవిడకి ఇస్తానండి, మీరు మాత్రం మా గుమ్మం ఎక్కకండి" అన్నారు. సరేనన్నాను.

ఆయన ఇల్లు మూడేళ్ల కిందట కట్టింది. అయినా నేను ఒక ఇంజనీరుని పంపించి అన్ని గదులూ పరీక్ష చేయించాను. ఆయన సంతకం, ముద్ర ఉన్న కాగితం సుప్రియకి ఇచ్చాను. జనవరి ఇరవైన దిగారు. కమిషన్‌లో తారీకు మార్చికి పడింది. చెప్పాల్సింది చెప్తాను.

నిన్న మందులు ఇవ్వడానికి వెళ్లాను. గేటు బయటే నిలబడ్డాను. అచ్చాయమ్మగారు వరండాలో మంచం మీద ఉన్నారు. ఇంత చలిలో బయట ఏంటండీ అంటే, పావని చెప్పింది, దిగినప్పట్నుంచీ అమ్మమ్మ గదిలో పడుకోవట్లేదని. వరండాకి పైన రేకు. అది పడితే పెద్దగా తగలదని ఆవిడ లెక్క. ఇంజనీరు కాగితం పావని చేత తెప్పించి, గేటు దగ్గర్నుంచే గట్టిగా చదివి వినిపించాను. ప్రతి గదీ, ప్రతి అక్షరం. ఆవిడ చివరిదాకా విన్నారు. విని, "నువ్వు మంచాడివే బాబూ, అంతా బానే ఉంది, నాదే పిచ్చి భయం" అని, ఎడంచేత్తో దుప్పటి పైకి లాక్కున్నారు.

నన్ను తిట్టి ఉంటే ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ని అత్తయ్యా.

మీ రాజు.